పది నెలల షుగర్ పన్నెండేళ్లయింది: ఆసుపత్రి కాగితాల్లో తప్పు పడితే ఏం చేయాలి?

2025 జనవరిలో మా నాయనకు నెల్లూరులో పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ జరిగింది. మూడు రోజులుండి బుచ్చిరెడ్డిపాళెం దగ్గర మా ఊరికి వచ్చేశాం. బిల్లు మేమే కట్టుకున్నాం కాబట్టి కాగితాలన్నీ ఇన్సూరెన్స్ కంపెనీకి పంపి డబ్బు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం. నెల తర్వాత డబ్బు రాలేదు గానీ ఉత్తరం వచ్చింది. ‘డిశ్చార్జి సమ్మరీ ప్రకారం మీకు 10–12 ఏళ్లుగా షుగర్ ఉంది. 2021లో పాలసీ తీసుకున్నప్పుడు ఆ సంగతి ఎందుకు చెప్పలేదు?’ అని.

మా నాయనకు షుగర్ బయటపడింది 2024 మార్చిలో, శివరాత్రి మర్నాడు. ఉత్తరం చదివి వినిపిస్తే మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు. “పన్నెండేళ్ల కిందట నేను నెల్లూరికి సైకిల్ మీద పోయొచ్చేవాణ్ణి గదరా, షుగర్ ఎక్కడిది నాకు?”

ఆసుపత్రికి పోతే కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ చూసి “సిస్టంలో అట్టే ఉంది సార్” అంది. ఆ మాట విన్నాక చాలామంది వెనక్కి తిరిగి వచ్చేస్తారు. నేనూ మొదటి రోజు వచ్చేశాను. రెండోసారి పోయినప్పుడు కేస్‌షీటు నకలు కావాలని కాగితం మీద రాసిచ్చాను. అది చేతికొచ్చాక మొదటి పేజీలోనే గుట్టు తేలింది. ఆ రాత్రి డ్యూటీ డాక్టరు మా నాయన చెప్పింది చెప్పినట్టే రాసుకున్నాడు. షుగర్ ఎదురుగా 10/12 అని ఉంది. కొందరు డాక్టర్లు నెలలను అలా రాస్తారు. ఏడాదికి పన్నెండు నెలలు, అందులో పది. వారాలైతే కింద 52 వేస్తారు, రోజులైతే 7. డిశ్చార్జి రోజు సమ్మరీ టైపు చేసిన మనిషికి ఈ లెక్క తెలియదు. పది నుంచి పన్నెండు ఏళ్లు అనుకుని అలాగే కొట్టేశారు. కింద సంతకం పెట్టిన డాక్టరు చదవలేదు. ఆ కాగితం తీసుకున్న నేనూ చదవలేదు, బిల్లు మొత్తం మాత్రం రెండుసార్లు చూసుకున్నాను.

ఈ గొడవ తీరేసరికి నాకు ఒక సంగతి బాగా తెలిసొచ్చింది. తప్పు మనకు కనిపించిన కాగితం వేరు, అది పుట్టిన కాగితం వేరు. దిద్దించాల్సింది పుట్టినచోట. దానికి ముందు అది ఎక్కడ పుట్టిందో వెతికి పట్టుకోవాలి.

ఒక మనిషి మూడు రోజులు ఆసుపత్రిలో ఉంటే ఎన్ని కాగితాలు పుడతాయో చూడండి. ఓపీ చీటీ, అడ్మిషన్ ఫారం, కేస్‌షీటు, నర్సులు గంటగంటకూ రాసే చార్టు, ల్యాబు రిపోర్టులు, స్కానింగు రిపోర్టు, మత్తు డాక్టరు రాసిన నోట్సు, ఆపరేషన్ నోట్సు, చివరికి వీటన్నిటి సారంగా డిశ్చార్జి సమ్మరీ. మనం ఇంటికి తెచ్చుకునేది ఆ చివరిదే. ఇన్సూరెన్స్ కంపెనీ చదివేదీ, రేపు చెన్నైలోనో తిరుపతిలోనో ఇంకో డాక్టరు చదివేదీ అదే. ఒక డాక్టరు సమ్మరీలో ఉన్న మాటను ఇంకో డాక్టరు తన చీటీలోకి ఎక్కించుకుంటాడు, ఆయన చీటీ నుంచి మరొకరు. నాలుగు చోట్ల కనిపించేసరికి ఆ తప్పుకు నలుగురు సాక్షులు ఉన్నట్టు అవుతుంది. ఉన్నది ఒక్కటే తప్పు, మిగతా మూడూ దాని నకళ్లు.

ముందు కాగితం చేతికి రావాలి

తప్పు దిద్దమని అడగడానికి ముందు రికార్డు నకలు అడగాలి. ఇది ఆసుపత్రి దయ మీద ఆధారపడిన విషయం కాదు. డాక్టర్ల వృత్తి నియమావళి ఒకటుంది, 2002 నాటిది. దాని ప్రకారం ఆసుపత్రిలో చేరి వైద్యం పొందిన రోగి రికార్డును చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్ల పాటు భద్రపరచాలి. రోగి గానీ, రోగి అధికారం ఇచ్చిన మనిషి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇవ్వకపోవడం డాక్టరు వృత్తిపరమైన తప్పుల జాబితాలోకి వస్తుంది. 2023లో కొత్త నియమావళి ఒకటి తెచ్చి, అదే ఏడాది ఆగస్టులో దాన్ని పక్కన పెట్టేశారు కాబట్టి ఈ పాతదే నడుస్తోంది.

ఇందులో రెండు మెలికలున్నాయి. ఒకటి, ఈ గడువులు చేరిన రోగుల రికార్డులకు. నెల్లూరులో ఆసుపత్రుల పేట పొగతోటలో ఒక పూట చూపించుకుని వచ్చిన ఓపీ చీటీకి ఆ భరోసా లేదు, దాన్ని మనమే దాచుకోవాలి. రెండు, 3 ఏళ్లు దాటాక రికార్డు లేదంటే గట్టిగా అడగడానికి పట్టు దొరకదు. పాత కాగితంలో తప్పుందని అనుమానం ఉంటే సంక్రాంతి పోనీ, ఉగాది పోనీ అని వాయిదా వేయకండి.

నెల్లూరు దర్గామిట్టలో ఉన్న పెద్దాసుపత్రి, ఒంగోల్లో అందరూ ఇప్పటికీ రిమ్స్ అనే సర్వజన ఆసుపత్రి లాంటి ప్రభుత్వ ఆసుపత్రులైతే మరో తలుపు కూడా ఉంది. 2005 సమాచార హక్కు చట్టం. సూపరింటెండెంటు కార్యాలయంలోని సమాచార అధికారి పేర 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి. తెల్ల రేషన్ కార్డు వాళ్లకు ఆ రుసుమూ లేదు. అయితే ఈ చట్టం ఉన్న కాగితం చూపిస్తుంది, దిద్దదు. సమాచార హక్కు దరఖాస్తులోనే ‘తప్పు సరిచేయండి’ అని రాస్తే ఆ భాగాన్ని పక్కన పెట్టేస్తారు. రెండు పనులకూ రెండు కాగితాలు రాయాలి.

పేరు దగ్గర పడే తప్పులు

మన నెల్లూరులో ఏ ఆసుపత్రి ఓపీలోనైనా నిలబడి “పెంచలయ్యా” అని గట్టిగా పిలవండి. ముగ్గురు లేస్తారు. మస్తానమ్మ అన్నా అంతే. కందుకూరు వైపు పోతే మాలకొండయ్య అన్నా అంతే. దేవుడి పేరు పెట్టుకునే ప్రాంతంలో పేరు ఒక్కదాంతో మనిషిని గుర్తుపట్టడం కుదరదు. ఒక పెంచలయ్య రక్తపరీక్ష ఇంకో పెంచలయ్య ఫైల్లోకి చేరడానికి పెద్ద కుట్రలేం అక్కర్లేదు, ఒక హడావుడి పొద్దు చాలు. పైగా ఇంటిపేరు ఆధార్లో పూర్తిగా ఉంటుంది, రేషన్ కార్డులో పొడి అక్షరంగా ఉంటుంది, ఆసుపత్రి వాళ్లు దాన్ని పేరు చివర పెడతారు. పెళ్లయిన ఆడవాళ్లకు పుట్టింటి పేరు ఒక కార్డులో, అత్తింటి పేరు ఇంకోదాంట్లో. జిల్లా సంగతి సరేసరి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మార్చినప్పుడు ప్రకాశంలో ఉన్న కందుకూరు నెల్లూరులో కలిసింది, నెల్లూరులో ఉన్న గూడూరు తిరుపతి జిల్లాకు పోయింది. మనిషి గడప దాటలేదు, అడ్రసు మాత్రం మారింది.

ఈ రకం తప్పు దిద్దించడం అన్నిటికంటే తేలిక. డాక్టరుతో పనిలేదు. ఆధార్ నకలు, ఓపీ నంబరు పట్టుకుని రికార్డుల విభాగానికి పోతే సరిచేస్తారు. ఒకే మనిషికి రెండు ఓపీ నంబర్లు పడి ఉంటే రెండూ కలిపేయమని అడగాలి, లేకపోతే అలర్జీ ఒక నంబరు కింద, మందులు ఇంకో నంబరు కింద ఉండిపోతాయి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద, అంటే పాత ఆరోగ్యశ్రీ కింద చేరుతున్నట్టయితే ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్ర దగ్గర కూర్చుని, అప్రూవల్‌కు పంపక ముందే పేరు, వయసు, ఏ వైపు ఆపరేషనో తెర మీద చూపించమనండి. పంపాక మార్చడానికి రోజులు పడుతుంది, ఈలోపు రోగి మంచం మీద ఉంటాడు. మిత్ర దగ్గర తెగకపోతే 104కు ఫోన్ చేయొచ్చు.

తప్పు ఆధార్లోనే ఉంటే మాత్రం ముందు దాన్నే దిద్దుకోవాలి. 14 అంకెల ఆభా నంబరు, అంటే ఆరోగ్య ఖాతా నంబరు, ఆధార్‌తో చేయించుకున్నవాళ్లకు పేరు, పుట్టిన తేదీ అక్కణ్నుంచే వస్తాయి. ఆధార్లో పేరు మార్చడానికి రెండు అవకాశాలు, పుట్టిన తేదీకి ఒక్కటే. ఆ ఒక్కటీ తొందరపడి వాడేయకండి.

అంకెల్లో, పరీక్షల్లో పడే తప్పులు

ప్రాణం మీదికి వచ్చేవి ఇవి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.2 అన్నది చుక్క ఎగిరిపోయి 12 అయితే ఏమవుతుందో కనిగిరి, పామూరు వైపు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు, అక్కడ కిడ్నీ జబ్బు ఇంటింటి మాట. కుడి మోకాలు ఎడమ మోకాలు కావడం, బ్లడ్ గ్రూప్ పక్కన పాజిటివ్, నెగటివ్ తారుమారు కావడం కూడా ఈ కోవలోవే. గర్భిణికి నెగటివ్ గ్రూప్ ఉండి కార్డులో పాజిటివ్ అని పడిందనుకోండి, బిడ్డ పాజిటివ్ అయినప్పుడు తర్వాతి బిడ్డకు ముప్పు రాకుండా కాన్పయిన 72 గంటల్లో వేయాల్సిన యాంటీ-డి ఇంజక్షన్ ఎవరికీ గుర్తుకు రాదు. ఆ దెబ్బ ఈ కాన్పులో తెలియదు, తర్వాతి కాన్పులో తెలుస్తుంది. రక్తం ఎక్కించే ముందు గ్రూపు మళ్లీ చూసి కలిపి పరీక్షిస్తారు కాబట్టి అక్కడ కొంత రక్షణ ఉంది. యాంటీ-డి విషయంలో ఆ రెండో చూపు లేకపోవచ్చు. అందుకే ఏఎన్ఎం రాసిన తల్లీబిడ్డల కార్డును ల్యాబు రిపోర్టుతో పోల్చి చూసుకోవాలి.

ఈ రకం తప్పుకు వాదన పనికిరాదు, ఆధారం కావాలి. మొదట ల్యాబు రిపోర్టు అసలు చూడండి. అందులో సరిగా ఉండి సమ్మరీలో తప్పుంటే అది టైపు తప్పు, సమ్మరీ మారిస్తే చాలు. రిపోర్టే తప్పని అనుమానమైతే మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. తమ తప్పని తేలితే ల్యాబు వాళ్లు సవరించిన రిపోర్టు అని స్పష్టంగా రాసి, పాత రిపోర్టు తేదీ ప్రస్తావిస్తూ కొత్తది ఇవ్వాలి. ల్యాబుల నాణ్యతకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం చెప్పేది అదే. పాత తేదీ మీదే చప్పుడు చేయకుండా కొత్త అంకె వేసిచ్చేస్తామంటే ఒప్పుకోకండి. రెండు కాగితాలు, ఒకే తేదీ, రెండు అంకెలు. రేపు ఎవరైనా రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే దొంగగా కనిపించేది మనమే.

అలర్జీ సంగతి కొంచెం వేరు. చిన్నప్పుడెప్పుడో ఇంజక్షన్ తర్వాత ఒంటిమీద దద్దు వచ్చిందని పెన్సిలిన్ పడదని రాసేస్తారు, ఆ ముద్ర జీవితాంతం ఉంటుంది. అలా ముద్రపడిన వాళ్లను పరీక్షిస్తే పదిమందిలో తొమ్మిదిమంది దాకా ఆ మందు పడేవాళ్లేనని తేలుతుంది. అలాగని మీరు పోయి ‘నాకు అలర్జీ లేదు, కొట్టేయండి’ అంటే ఏ డాక్టరూ కొట్టేయడు, కొట్టేయకూడదు కూడా. పరీక్ష చేసి, ఫలితం చూసి, అప్పుడు డాక్టరు మార్చాలి.

డాక్టరు అభిప్రాయం నచ్చకపోతే?

ఇక్కడే చాలామంది పొరబడతారు. కనిగిరి వైపు నుంచి ఒకాయన నడుంనొప్పి, కీళ్లు బిగుసుకుపోవడంతో వేరే ఊళ్లో డాక్టరు దగ్గరకు పోయాడనుకుందాం. ఆ డాక్టరు కీళ్లవాతం అని రాశాడు. ఈయనకు తెలుసు, ఊరి నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని. మన దేశంలో ఆ నీళ్లతో వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి వైద్యులు మొదట రాసింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లా గురించే. అప్పుడు కనిగిరి నెల్లూరు జిల్లాలోనే ఉండేది, ప్రకాశం జిల్లా 1970లో గానీ ఏర్పడలేదు. అలాంటి నేల నుంచి వచ్చిన రోగికి ‘డాక్టరు తప్పు రాశాడు’ అనిపించడం సహజం. కానీ అది రికార్డులో తప్పు కాదు. ఆ రోజు ఆయన చూసినదాన్ని బట్టి అనుకున్నది రాశాడు, అనుకున్నది అదే అయినప్పుడు రికార్డు సరైనదే. దాన్ని మార్చమని అడిగే హక్కు మనకు లేదు.

ఉన్న దారి వేరు. ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్షతో ఇంకో డాక్టరుకు చూపించి, ఆయన అభిప్రాయం రాయించుకుని, దాన్ని పాత ఫైలులో చేర్చమని మొదటి ఆసుపత్రికి ఇవ్వాలి. పాత మాట అక్కడే ఉంటుంది, దాని పక్కన కొత్త మాట వచ్చి కూర్చుంటుంది. తర్వాత చదివే డాక్టరుకు రెండూ కనిపిస్తాయి. ‘రోగి సహకరించలేదు’, ‘మద్యం అలవాటు ఉంది’ లాంటి వాక్యాలు కూడా చాలావరకు ఇంతే. ఒప్పుకోకపోతే మన మాట రాసిచ్చి ఫైలులో పెట్టించుకోవచ్చు. దెబ్బలు తగిలి పోలీసు కేసుగా నమోదైన రికార్డయితే ఇంకా గట్టిది. తెచ్చినవాళ్లు ఎలా జరిగిందని చెప్పారో డాక్టరు అలా రాస్తాడు. అది తప్పని మీరనుకుంటే పోలీసులకు ఇచ్చే వాంగ్మూలంలో చెప్పుకోవాలి, ఆసుపత్రి చుట్టూ తిరిగి లాభం లేదు.

దిద్దడం అంటే చెరపడం కాదు

ఆసుపత్రి వాళ్లు ఎందుకు బిగుసుకుంటారో కూడా చెప్పాలి. ‘మందు తాగుతాడని రాశారు, క్లెయిమ్ రాదు, తీసేయండి సార్’ అని నిజంగా తాగేవాళ్ల తాలూకు మనుషులే వచ్చి బతిమాలతారు. ఇలాంటివి రోజూ చూసే మనిషికి మా నాయన కేసూ అలాగే కనిపించి ఉంటుంది. పైగా కేసు కోర్టుకెక్కితే రికార్డులో కొట్టివేతలు, తెల్ల రంగు పూసిన చోట్లు ఆసుపత్రి మెడకే చుట్టుకుంటాయి.

అందుకే సరైన సవరణకు ఒక పద్ధతుంది. కాగితం మీదైతే తప్పు మాట చదవడానికి వీలుగా ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, తేదీ, సమయం వేసి, సంతకం పెట్టాలి. వైటనర్ పూయకూడదు, పేజీ చించకూడదు. కంప్యూటర్లో అయితే పాతది చెరిగిపోకుండా, ఎవరు ఎప్పుడు మార్చారో తెలిసేలా కొత్తది చేరాలి. జనన మరణాల రిజిస్టరుకూ ఇదే న్యాయం. 1969 నాటి చట్టం 15వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రార్ అసలు నమోదును ముట్టుకోకుండా అంచున సవరణ రాసి, తేదీతో సంతకం చేయాలి.

కాబట్టి మీ ఉత్తరంలో ‘తీసేయండి’ అన్న మాట రాయకండి. నేను రాసింది దాదాపు ఇలా ఉంది:

‘అయ్యా, మా తండ్రిగారు ఫలానా తేదీల్లో ఫలానా ఐపీ నంబరుతో మీ ఆసుపత్రిలో ఉన్నారు. డిశ్చార్జి సమ్మరీ మొదటి పేజీలో షుగర్ 10–12 ఏళ్లుగా ఉన్నట్టు ఉంది. మీ కేస్‌షీటు మొదటి పేజీలో అది 10/12, అంటే 10 నెలలు. 2024 మార్చిలో మొదటిసారి షుగర్ బయటపడినప్పటి ల్యాబు రిపోర్టు, చీటీ జతచేశాను. పాత సమ్మరీని అలాగే ఉంచి, సవరించినది అని రాసి, ఈరోజు తేదీతో, డాక్టరుగారి సంతకంతో కొత్త సమ్మరీ ఇప్పించగలరు.’

ఎక్కడుంది, ఏముంది, ఏముండాలి, ఆధారం ఏది. ఇంతకంటే అక్కర్లేదు. నా మొదటి ప్రతిలో మా బాధంతా రెండు పేజీలు రాశాను. మా చిన్నాన్న చదివి “ఇది ఉత్తరమా, బుర్రకథా?” అన్నాడు. చించేసి మళ్లీ రాశాను. రెండు కాపీలు తీసుకుపోయి ఒకదాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోవాలి. ముద్ర వేసేది లేదంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. నోటిమాటగా అడిగిన పనికి తేదీ ఉండదు, తేదీ లేని పనికి గడువూ ఉండదు.

కొత్త చట్టం వచ్చిందంటున్నారు కదా

వచ్చింది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. దాని 12వ సెక్షన్ ప్రకారం మనం సమ్మతితో ఇచ్చిన మన వివరాలను సరిచేయమని, పూర్తి చేయమని, తాజా చేయమని అడిగే హక్కు ఉంటుంది. ‘సార్ కుదరదంటున్నారు’ అన్న మాటకు ఎదురుగా చట్టం సెక్షన్ చూపించగలగడం చిన్న విషయం కాదు. కానీ ఆశ పెంచుకునే ముందు రెండు సంగతులు చూడాలి. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అమలు విడతలవారీగా. ఈ సవరణ హక్కు లాంటి ముఖ్యమైన భాగాలు 18 నెలల తర్వాత, అంటే 2027 మే నుంచి. పైగా ఈ చట్టం డిజిటల్ రూపంలో ఉన్నవాటికి, కాగితం మీద నుంచి డిజిటల్‌లోకి ఎక్కించినవాటికి మాత్రమే. ఒట్టి కాగితపు కేస్‌షీటు దీని కిందికి రాదు.

ఇదే చట్టం మన మీదా ఒక బాధ్యత పెట్టింది. సవరణ అడిగేటప్పుడు నిజమని నిరూపించగల సమాచారమే ఇవ్వాలి, ఉత్తుత్తి ఫిర్యాదులు చేయకూడదు. తప్పితే 10,000 రూపాయల వరకు జరిమానా. మందు తాగే సంగతి తీసేయమనే పెద్దమనుషులకు పనికొచ్చే సమాచారం.

ఆభా గురించి ఒక అపోహ ఉంది. మన రికార్డులన్నీ ఢిల్లీలో ఒకచోట పోగుపడి ఉంటాయని, అక్కడ దిద్దేస్తే అన్నిచోట్లా మారిపోతుందని అనుకుంటారు. రికార్డు పుట్టిన ఆసుపత్రిలోనే ఉంటుంది. ఆభా దానికి దారి చూపిస్తుంది, మన సమ్మతి ఉంటే ఇంకో ఆసుపత్రికి చేరవేస్తుంది. తప్పు దిద్దాలంటే మళ్లీ ఆ ఆసుపత్రికే పోవాలి. ఆభా ఖాతాలోనే చిక్కు ఉంటే 14477కు ఫోన్ చేయొచ్చు.

ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర

చాలామందికి తప్పు సంగతి తెలిసేదే క్లెయిమ్ ఆగినప్పుడు, మాలాగే. అప్పుడు కంపెనీతో గొడవకు దిగేముందు సవరించిన సమ్మరీ తెచ్చుకోవడం మంచిది. ఒక్క సమ్మరీ పంపితే ‘క్లెయిమ్ కోసం మార్పించుకున్నారు’ అని అనుమానిస్తారు. దాంతోపాటు కేస్‌షీటు నకలు, జబ్బు మొదటిసారి బయటపడినప్పటి రిపోర్టు పంపాలి. అవి క్లెయిమ్ పుట్టకముందే పుట్టిన కాగితాలు కాబట్టి వాటికి బలం ఎక్కువ.

2024లో బీమా నియంత్రణ సంస్థ నియమాలు మార్చింది. పాలసీ ఆగకుండా 60 నెలలు నడిచాక, మోసం అని రుజువు చేస్తే తప్ప, జబ్బు దాచారన్న కారణంతో క్లెయిమ్ కాదనకూడదు. అంతకుముందు అది 8 ఏళ్లు. ముందునుంచీ ఉన్న జబ్బులకు ఆగాల్సిన కాలం కూడా 36 నెలలకు మించకూడదు. మా పాలసీ 2021 నాటిది, అప్పటికి 60 నెలలు నిండలేదు, అందుకే ఆ ఒక్క అంకె మమ్మల్ని అంత ఇబ్బంది పెట్టింది. కంపెనీకి ఫిర్యాదు చేశాక కాదంటే, లేదా నెలలోగా జవాబివ్వకపోతే తగాదాలు తీర్చే బీమా అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. మన రాష్ట్రానికి ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల వరకు చూస్తారు, కంపెనీ కాదన్న ఏడాదిలోపు పోవాలి.

ఆసుపత్రే మొండికేస్తే

ప్రైవేటు ఆసుపత్రులు రిజిస్టరు అయ్యేది జిల్లా వైద్య ఆరోగ్య అధికారి దగ్గర. మీ ఉత్తరం, అందిన ముద్ర, వాళ్ల జవాబు ఉంటే అదీ జతచేసి అక్కడ ఇవ్వచ్చు. సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో పెడితే అర్జీకి నంబరు పడుతుంది, ఆ నంబరుకు కదలిక ఉంటుంది. రికార్డు ఇవ్వని డాక్టరు మీద రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు రాయొచ్చు. డబ్బు నష్టం జరిగిందంటే నెల్లూరులో, ఒంగోల్లో వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి, గడువు 2 ఏళ్లు. అయితే 1995 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం అందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వ ఆసుపత్రి మీద వినియోగదారుల కేసు నిలవదు. అక్కడ సూపరింటెండెంటు, కలెక్టరేటు, సమాచార హక్కు, ఇవే దారులు.

నా అనుభవంలో ఇంతదాకా పోవాల్సిన కేసులు తక్కువ. మా ఉత్తరం ఇచ్చిన నాలుగో రోజు ఆ డాక్టరే ఫోన్ చేసి రమ్మన్నాడు. కేస్‌షీటులో తన రాత తానే చూసుకుని నవ్వాడు. “నేను నెలలే రాశానండీ” అన్నాడు, గెలిచినట్టు. పైన ‘సవరించినది’ అన్న ముద్రతో కొత్త సమ్మరీ వచ్చింది. ఇంకో ఐదు వారాలకు క్లెయిమ్ డబ్బు పడింది.

ఈమధ్య మా నాయనను కంటి పరీక్షకు తీసుకుపోయాను. అక్కడ కుర్ర డాక్టరు ఫారం నింపుతూ “షుగర్ ఎన్నాళ్లుగా ఉంది పెద్దాయనా?” అని అడిగాడు. మా నాయన బల్ల మీదికి వంగి, ఆ కాగితం మీద వేలు పెట్టాడు. “2024 మార్చి 9. నెలలూ ఏళ్లూ వద్దు నాయనా, తేదీ వెయ్యి. వేసినాక నాకు ఒకసారి చూపించు.”